పన్నెండు మూరల కమాను

ఇబ్రహీంపట్నం కాలువ మీది వంతెన కమాను ఏ లెక్కతో నిలిచిందో రాసిపెట్టకపోతే, రేపు ఇంకొకరు మళ్లీ కంటి అంచనాతోనే కడతారు. అందుకే ఈ ప్రయాణం రాస్తున్నాను.

గొడవల రోజుల్లో కూలిన ఆ కమానును పోలీసు చర్య తర్వాత మా బావ రాములు మేస్త్రీ తిరిగి కట్టాడు. కింద ఆనించిన చెక్క అచ్చు తీయగానే అది పడిపోయింది. "ఇంకోపాలి కూలితే తాపీ ఇడిసిపెడ్త" అని కబురు పంపాడు. గ్రంథాలయంలో నాకు నేనే చదువుకున్న గణితంలో అలాంటి వంపుకు సూత్రం ఉంది. దాన్ని నోటుబుక్కులో బొమ్మతో సహా దించుకుని, ఉదయం ఏడింటికి హైదరాబాదులో బస్సెక్కాను.

దారిలో తనిఖీ. జవాను నా బొమ్మ దగ్గర ఆగాడు.

"ఏం నక్ష ఇది?"

"కమాన్."

ఉర్దూలో కమాన్ అంటే విల్లు కూడా. "మరి బాణమేడ దాచినవ్?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నోటుబుక్కు మాత్రం తిరిగిచ్చాడు.

పదింటికి దిగాను. బావ ఇంట్లో మా ఎల్లమ్మక్క పెట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని కాలువకు నడిచాం. వెడల్పు బావ చేతితో పన్నెండు మూరలు, ఎత్తు మూడు. లెక్క సులువు: నడిమి నుంచి ఎన్ని మూరలు జరిగితే ఆ అంకెను దానితోనే హెచ్చవేసి రెట్టింపు చేయాలి, వంపు అన్ని వేళ్లు దిగుతుంది. ఒక మూరకు రెండు, రెండింటికి ఎనిమిది, ఆరింటికి డెబ్బై రెండు. మూరకు ఇరవై నాలుగు వేళ్లు, అంటే సరిగ్గా మూడు మూరలు.

అచ్చు కుడి సగం వడ్రంగి నర్సింలు తన చేతితో, ఎడమ సగం నేను నా చేతితో కొలిచి గీశాం. సాయంత్రం కలిపి పెడితే అచ్చు అవతలి గట్టుకు జానెడు అందలేదు.

"నీ పుస్తకంల చెయ్యి ఎవలిది, పట్నమోడా?" అన్నాడు నర్సింలు.

బావ నా మోచేయి పట్టి చూశాడు. "గీ పొట్టి చేతితోని కొలిచినవా బామ్మర్దీ!"

బావ మూరకు సరిగ్గా ఒక వెదురుపుల్ల కోసి, ఇరవై నాలుగు గీతలు పెట్టాం. మర్నాడు ఇద్దరం దానితోనే కొలిచాం. అచ్చు రెండు గట్లనూ తాకింది.

రాళ్లు పేర్చాక సున్నం బిగియడానికి మూడు వారాలు ఆగాం. అచ్చు తీసే పొద్దున బావ కమాను కిందే నిలబడ్డాడు.

"పక్కకు రా" అని అరిచింది అక్క.

"నేనే నమ్మకుంటే బండెవడు తోల్తడే?"

అచ్చు ఊడింది. పిడికెడు ఇసుక రాలింది, అంతే.

సాయంత్రం నాలుగింటి బస్సులో తిరుగు ప్రయాణం. తనిఖీ దగ్గర అదే జవాను: "నిలబడ్డదా నీ కమాన్?"

"నిలబడ్డది. బాణం లేకున్నా."

పుస్తకంలో సూత్రం ఉంది కానీ మూర లేదని ఈ ప్రయాణంలో తెలుసుకున్నాను. అన్నం పెట్టిన ఎల్లమ్మక్కకు, తప్పు పట్టిన నర్సింలుకు, చెయ్యి అరువిచ్చిన రాములు బావకు నా కృతజ్ఞతలు. ఆ వెదురుపుల్ల బావ ఇంటి చూరులో ఉంది. కట్టబోయేవారు అడిగి తీసుకోవచ్చు.