పుదుచ్చేరిలో చీనా వైద్యుడికి మా రత్నాన్ని చూపించిన రోజు

మా అమ్మాయి రత్నానికి ఏడేళ్ళు. పుట్టగానే ఏడవలేదు. అప్పటినుంచీ కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి, కుడిచేతి పిడికిలి విడదు, మాట ముద్దగా వస్తుంది. మా అత్తవారు ఒకసారి దాని మోకాళ్ళకు వాతలు పెట్టించారు. రెండోసారి పెట్టిస్తామన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. పుదుచ్చేరిలో ఒక చీనా వైద్యుడు సన్నటి సూదులు గుచ్చి, ఒళ్ళు నొక్కి, ఇలాంటి పిల్లలకు బిగువు సడలిస్తాడని విని, మా తమ్ముణ్ణి తోడు తీసుకుని నెల్లూరులో రైలెక్కాను.

మద్రాసులో ఒకసారి, విల్లుపురంలో ఒకసారి బండి మారాలి. విల్లుపురంలో పొద్దుటి బండి అందుకుంటే ఎండ ముదరకముందే పుదుచ్చేరిలో దిగవచ్చు. స్టేషను బయట మనిషి వెనకనుంచి నెట్టే పూస్‌పూస్ బండ్లుంటాయి. పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకోవాలంటే జట్కా కంటే అవే నయం, కుదుపు తక్కువ. నాలుగణాలు అడుగుతారు, మూడుకు వస్తారు. మా తెలుగు విని బండి మనిషి సంబరపడ్డాడు.

"యాడికి పోవాలక్కా? ఏంది, బిడ్డకు మతి లేదా?"

"మతి ఉంది. నీ మాటలన్నీ వింటోంది. బండి నెట్టు," అన్నాను. అతడు తల వంచుకుని వైద్యుడుండే ఇంటిదాకా నెట్టాడు.

వైద్యుడుండేది కాలువకు పడమటి వీధిలో, సైగానులో ఫ్రెంచివాళ్ళ కొలువు చేసి తిరిగొచ్చిన ఒక రెడ్డియారు ఇంట్లో. వైద్యుణ్ణి ఓడలో వెంటబెట్టుకొచ్చిందీ, అతని మాటలు మనకు చెప్పేదీ ఆయనే. వైద్యం మాత్రం లోపల కాదు, వీధి తిన్నె మీద! ఎవరైనా వచ్చి కూర్చుని చూడవచ్చునట. మేం వెళ్ళేసరికి తిన్నె నిండా జనం, ఆకు వక్క నములుతూ. సూదిని చూడగానే రత్నం మళ్ళీ వాతే అనుకుని ఒళ్ళంతా బిగబట్టేసింది. జనం అయ్యో అయ్యో అన్నకొద్దీ ఇంకా బిగిసింది. ఇద్దరు ఆడవాళ్ళు లేచి దాని కాళ్ళు లాగి అదమబోయారు. వైద్యుడు సూదులు డబ్బాలో పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"వీళ్ళను పంపించండి," అన్నాను రెడ్డియారుతో.

"ఏంది తాయీ, నలుగురూ చూడాలనే కదా ఈడ పెట్టింది!"

"చూడడానికి ఇదేమన్నా తోలుబొమ్మలాటా? లేవండి అందరూ!"

సణుక్కుంటూ తిన్నె దిగారు గానీ, కొందరు వీధిలోనే నిలబడ్డారు. సిగ్గులేని జనం.

వైద్యుడు ఆ పూట సూదులు మళ్ళీ తియ్యనేలేదు. నువ్వుల నూనె రాసి, రత్నం వెన్నుకు రెండు పక్కలా బొటనవేళ్ళతో మెల్లగా నొక్కాడు. తర్వాత నా చేతులు పట్టుకుని ఎక్కడ ఎంత నొక్కాలో చూపించి, ఇంట్లో రోజూ చెయ్యమన్నాడు. చాలాసేపటికి పిడికిలి విడింది. ఎవరూ లాగకుండా అది తెరుచుకోవడం నేను చూడడం అదే మొదలు.

అప్పుడు నేను రెడ్డియారు చెవిలో అడిగాను, నడుస్తుందా అని. ఆయన వైద్యుణ్ణి అడిగి, వీధిలోవాళ్ళకు కూడా వినబడేట్టు చెప్పాడు. "నడవదంట తాయీ! ఎప్పటికీ నడవదంట. కూచోను, గిన్నె పట్టుకోను నేర్పొచ్చు, అంతే."

"మెల్లగా చెప్పండి, అది వింటోంది."

"దానికేం తెలస్తాది!"

రత్నం ఆయన మొహంలోకే చూస్తోంది. పిడికిలి మళ్ళీ మూసుకుపోయింది.

తిరుగు దారిలో ఫ్రెంచి సీమ సరిహద్దు దగ్గర సుంకంవాళ్ళు మూటలన్నీ విప్పించారు. మళ్ళీ కట్టుకునేసరికి బండి కదిలింది. అప్పుడడిగింది రత్నం, "అమ్మా, నేను నడవనా?" అని. అబద్ధమాడలేక, వైద్యుడు చూపినట్టు దాని వెన్ను నొక్కసాగాను. వైద్యుడి మీద నాకు కోపం లేదు, ఉన్నమాట చెప్పాడు. కానీ ఆ మాట నా బిడ్డకు ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో నేను చూసుకోవలసింది. దాన్ని ఆ రెడ్డియారు వీధిలో పారేశాడు. ఈ రోజుకీ ఆయన గొంతు గుర్తొస్తే నా పళ్ళు పటపటలాడతాయి.

వెళ్ళదలచిన తల్లులకు ఒక్కటే చెబుతాను. మా తమ్ముడు పక్కనే ఉన్నా నాకు తోచలేదు గానీ, మీరు తోడుగా ఒక మనిషిని తీసుకెళ్ళండి. నడుస్తుందా అని వైద్యుణ్ణి అడిగేముందు బిడ్డను వాళ్ళ చేతికిచ్చి, సముద్రం చూపించుకు రమ్మనండి.