నా పేరు మీద ఆగిపోయిన మూడు ఫైళ్ళు

కిందటి నెల రెండో గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు జగిత్యాల నుంచి నా మేనకోడలు ఫోను చేసింది. నేను సిరిసిల్లలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని పెసలు ఏరుతున్నాను. తమ్ముడు పోయిన ఈ నాలుగేళ్ళలో అతని బిడ్డ నాకు ఆఫీసు వేళలో ఫోను చేయడం అదే మొదటిసారి కాబట్టి, ఏమి వినవలసి వస్తుందోనని చేట పక్కన పెట్టి, అలవాటు చొప్పున ముందు గడియారం చూశాను.

"అత్తమ్మా, బాపు ఫోన్ల నీకియ్యాల్సినయి మూడు ఆగి ఉన్నయి. నీ దిక్కు అచ్చినప్పుడు ఇద్దామని పెట్టుకున్నడు," అన్నది.

ఎవరో ఇంటికి వచ్చి, మీ తమ్ముడు మీకిమ్మన్నాడు అంటూ సంచీ అందించినట్టు అనిపించింది. ఆ సంచీ ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

బ్లూటూత్ రోజులు మా ఈడువారికి గుర్తుండే ఉంటాయి. ఒక పాట కావాలంటే ఇచ్చేవారూ తీసుకునేవారూ ఒకే చోట కూర్చోవాలి, ఫోన్లు పక్కపక్కన ఉండాలి, లేచి నాలుగడుగులు అటు వేస్తే మళ్ళీ మొదటికి వచ్చేది. కోరుట్ల బస్టాండు దగ్గర తమ్ముడి ఫోన్ల రిపేరు దుకాణం ముందు గల్ఫుకు పోయే పిల్లలు సూట్‌కేసుల మీదే కూర్చుని పాటలు ఎక్కించుకునేవారు. పాటలతో పాటు ఇంట్లోవాళ్ళ మాటలు, పసిపిల్లల ఏడుపులు కూడా ఎక్కించి పంపేవాడు తమ్ముడు. తరువాత అందరికీ నెట్ వచ్చింది, ఆ గుంపు పలచబడింది. ఊరికే కూర్చోలేని మనిషి కనుక అతను లినక్సు ఫోన్ల వెంట పడ్డాడు. కంపెనీవాడు తాళం వేయని ఫోన్లక్కా ఇవి, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు అని సంబరపడేవాడు. దుబాయి నుంచి వచ్చిన ఒకతను అమ్ముకున్న రెండు ఫోన్లు కొని, ఒకటి తన దగ్గర పెట్టుకుని ఒకటి నాకిచ్చాడు. వాటి మధ్య బ్లూటూత్‌లో ఫైళ్ళు పంపుకునేందుకు తానే ఒక యాప్ రాసి, దానికి 'అందుకో' అని పేరు పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చని నెట్‌లో ఉంచాడు.

మా నాన్న చీరల అంచులు గీసేవాడు. గళ్ళ కాగితం మీద అంచు గీసుకుని, దాని ప్రకారం, ఏ నూలు పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేవాడు. గళ్ళు లెక్కబెట్టి చెప్పడం నా పని, కొట్టిన అట్టలను వరుసగా దారంతో కుట్టడం తమ్ముడి పని. అట్టలు మగ్గాల ఆసామి చేతికిచ్చిన రోజు సాయంత్రం నాన్న ఆ గళ్ళ కాగితాన్ని చింపి పొయ్యిలో వేసేవాడు. ఒకరికిచ్చిన అంచు ఇంకొకరి మగ్గం ఎక్కకూడదు. నకలు దాచుకుంటే ఇచ్చినట్టు కాదని ఆయన పట్టింపు. తమ్ముడు 'అందుకో'లో అదే నియమం పెట్టాడు. ఎవరి పేరున పెట్టిన ఫైలు వారి ఫోనులోనే తెరుచుకుంటుంది. అందింది అన్న జవాబు రాగానే ఇచ్చినవారి ఫోనులోంచి తుడిచిపెట్టుకు పోతుంది.

అంత నియమంగా బతికినందుకు, నాన్న పోయేనాటికి ఆయన గీసిన పదకొండు అంచుల్లో ఒక్కదాని కాగితమూ మా ఇంట్లో లేదు. తమ్ముడు చుట్టాల ఇళ్ళలో పాత చీరలు వెతికి, వీర్నపల్లిలో ఒక ముసలమ్మ కట్టుకున్న చీర చెంగు పట్టుకుని ఫోటో తీసి తిట్లు కూడా తిని, ఒక్కొక్కటే కంప్యూటర్‌లో మళ్ళీ గీశాడు. ఒకటి పూర్తికాగానే కోరుట్ల నుంచి బస్సెక్కి వచ్చేవాడు. మంచం మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి నన్ను కూర్చోబెట్టేవాడు. చాయ్ పెడదామని లేవబోతే, "కూసో అక్కా, నువ్వు లేస్తే ఫైలు తెగుతది," అనేవాడు. మంచం మీదున్న ఫోనుకు నేను లేవడంతో ఏమి పని అని నేను అడగలేదు. ఫైలు వచ్చాక నేను గళ్ళు లెక్కబెట్టి తప్పులు పట్టేదాన్ని. కొంగల అంచులో రెండు గళ్ళు తక్కువని మళ్ళీ కోరుట్లకు పంపిస్తే, నాన్న పోతూ తన నెత్తిమీద నన్ను కూర్చోబెట్టి పోయాడని తమ్ముడు నవ్వాడు. అట్లా ఎనిమిది అంచులు నా చేతికి వచ్చాయి.

ఒకనాడు దుకాణంలోనే గుండెనొప్పి వచ్చింది. కరీంనగర్‌కు తీసుకుపోతుండగా దారిలోనే పోయాడు. ఆ తరువాత 'అందుకో'ను చూసుకునే దిక్కు లేకపోయింది. ఫోన్లలో లోపలి వ్యవస్థ మారేసరికి అది తెరుచుకోవడం కూడా మానేసింది. మేనకోడలు జగిత్యాలలో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు తండ్రి రాసిన కోడు వరుసలు ఒక్కొక్కటే చదువుకుని, రెండు నెలలు కష్టపడి దాన్ని మళ్ళీ లేపింది. తెరుచుకోగానే నా పేరు మీద ఆగి ఉన్న మూడూ కనిపించాయి. రెండు అంచులు, ఒకటి అతని గొంతు.

ఆదివారం పొద్దున, తమ్ముడిచ్చిన ఫోను సంచీలో పెట్టుకుని జగిత్యాల బస్సెక్కాను. మల్యాల దాటేదాకా ఆ గొంతులో ఏముంటుందా అన్న ఆలోచనే. తమ్ముడు నాకు ఎన్నడూ మాట రికార్డు చేసి పంపలేదు. చెప్పవలసింది ఎదురుగా కూర్చునే చెప్పేవాడు. ఎదురుగా చెప్పలేనిది ఏమి పెట్టుకున్నాడు?

మేనకోడలు అతని ఫోను బ్యాటరీని విడిగా చార్జింగ్ పెట్టి సిద్ధంగా ఉంచింది. అది కొంచెం ఉబ్బి ఉంది. నా ఫోనులోనూ తాను మార్చిన 'అందుకో' ఎక్కించి, మొదలుపెట్టేముందు నా ముఖం చూసి, "ముందుగాల నకలు తీసి పెట్టుకుందమా అత్తమ్మా?" అన్నది. వెంటనే తానే తల అడ్డంగా ఊపి, "వద్దు. బాపు ఉంటే ఒప్పుకునేటోడు కాదు," అన్నది. నాకూ అదే సరి అనిపించింది.

మొదటిది నెమళ్ళ అంచు. పూర్తిగా వచ్చింది. గళ్ళు లెక్కబెట్టాను, ఒక్క తప్పు లేదు. తమ్ముడి ఫోనులో అది లేకపోవడం చూసి ఇద్దరం తృప్తిపడ్డాం. రెండోది గొంతు, ముప్పై ఎంబీలు. 'తీసుకుంటాను' అని నొక్కాను. ఫైలు ఎంత వచ్చిందో చూపే గీత మెల్లగా ముందుకు జరుగుతోంది. ఆ పిల్ల వంటింట్లోకి పోబోతే కూర్చోమన్నాను. కూర్చుంది. గీత సగం చేరకముందే తమ్ముడి ఫోను ఆరిపోయింది.

బ్యాటరీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి లేపేసరికి ఆ ఫోనులో ఆగి ఉన్నది ఒక్కటే కనిపించింది, మిగిలిన అంచు. గొంతు అప్పగించినట్టు రాసి ఉంది. నా ఫోనులో పన్నెండు ఎంబీలు వచ్చి ఉన్నాయి కానీ, మొత్తం వస్తే తప్ప అది తెరుచుకోదు. మేనకోడలు తాను రాసినవీ తండ్రి రాసినవీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చదివింది. తమ్ముడు రాసిన పద్ధతిలో, చివరి ముక్క చేరాకే అందింది అన్న జవాబు పోయేది. కొత్త ఫోన్లకు సరిపోవాలని ఆ పిల్ల మార్చిన చోట, తీసుకుంటాను అని నొక్కగానే పోతోంది. అట్లా తుడిచేసిన ఫైలు, పంపడం నడిచినంతసేపే ఆ ఫోనులో నిలుస్తుంది, ఫోను ఆరితే పోతుంది. మొదటి ఫైలు చిన్నది, క్షణంలో సాఫీగా రావడంతో ఆ తేడా బయటపడలేదు.

"నేనే తుడిచిన అత్తమ్మా, బాపు మాట నేనే తుడిచిన," అని మోకాళ్ళలో తల పెట్టుకుంది. తప్పు ఎవరిదో తేలేదాకా ఊరుకోని మనిషిని నేను. ఆ రోజు తేల్చబుద్ధి కాలేదు. పక్కన కూర్చుని వీపు నిమిరాను. తరువాత ఆ వరుస సరిదిద్దింది, ఆగి ఉన్న అంచు కూడా క్షేమంగా వచ్చింది.

ఇప్పుడు 'అందుకో' మళ్ళీ నడుస్తోంది. పంపిన ఫైలు పంపినవారి దగ్గర కూడా ఉండిపోయేట్టు మేనకోడలు మార్చింది. నాన్న నియమం అక్కడితో ఆగింది, నేను అడ్డు చెప్పలేదు. ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకుంటూ రాస్తున్నారట. ఈ కాలంలో ఏదీ ఒక్కరి చేతిలో ఉండదు, అన్నీ అందరి దగ్గరా ఉంటాయి. అందుకని ఎవరూ ఎవరి ఇంటికీ వచ్చి కూర్చోనక్కరలేదు. అది మేలే కావచ్చు. ఆ మేలును తమ్ముడు అప్పుడే ఒప్పుకుని ఉంటే, నాకు చెప్పదలచింది ఏ నెట్‌లోనో క్షణంలో పంపేసి ఉండేవాడు, నేను వినేదాన్ని. కానీ అప్పుడు అన్నిసార్లు బస్సెక్కి రాకపోయేవాడేమో.

నాన్న అంచులు పదకొండింటిలో పది నా దగ్గర ఉన్నాయి. పోయిన లెక్క ఇది: ఏ చీరలోనూ దొరకని నాన్న అంచు ఒకటి. తమ్ముడు ఒక్కడు. అతని గొంతులో ముప్పైకి పద్దెనిమిది ఎంబీలు. తక్కిన పన్నెండు నా ఫోనులో ఉన్నాయి, తెరుచుకోవు.