రెండో డిస్కు ముందు చూసిన చిన్నమ్మ

పోయిన ఆదివారం పొద్దున కోవిల్‌పట్టి నుంచి చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ ఇంకా లేసలా" అన్నాడు. అప్పటికి ఎనిమిది గంటలవుతోంది. ఐదింటికే లేచి వాకిలి ఊడ్చే మనిషి. అంతకంటే నేరుగా చెప్పడానికి వాడికి నోరు రాలేదు. మా చిన్నమ్మ, మా అమ్మకు చెల్లెలు, నిద్రలోనే వెళ్ళిపోయింది. మంచాన పడి ఒకరి చేత చేయించుకోకుండా పోవాలని ఆమె ఎప్పుడూ అనేది. అట్లాగే పోయింది. అందుకని ఏడుపు ఆగాక నాకు మిగిలింది ఎక్కువగా నెమ్మదే.

ఆమె గురించి చెప్పమంటే మా బంధువులు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీతో మొదలుపెడతారు. నేను ఒక కుంగ్‌ఫూ సినిమాతో మొదలుపెడతాను. పెద్దగా ఎవరూ చూడలేదు దాన్ని. చూసినవాళ్ళు కూడా సాగదీశాడని విసుక్కున్నారట. ఆ సినిమాను మా చిన్నమ్మకంటే బాగా చూసినవాళ్ళు ఉన్నారంటే నేను ఒప్పుకోను. చైనాలో కూడా.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ వీధి చివర డిస్కులు అద్దెకిచ్చే కొట్టు మూతపడింది. మిగిలిపోయిన సరుకును కొట్టతను తెలిసినవాళ్ళకు పంచిపెట్టాడు. మంచివన్నీ ముందే పోయాయి. చిన్నమ్మ వంతుకు ఒక చైనా సినిమా వచ్చింది. రెండు డిస్కులు, వాటికి అట్ట లేదు, మీద ఉన్నవి చైనా అక్షరాలు. ఏది ముందో ఏది వెనకో తెలియక కొట్టతను స్కెచ్ పెన్నుతో తనకు తోచినట్టు ఒకటి, రెండు అని వేసిపెట్టాడు. తప్పు వేశాడు. ఆ సంగతి ఆరేళ్ళ దాకా మాకు తెలియదు. సెలవులకు నేను విరుదునగర్ నుంచి వచ్చినప్పుడల్లా సినిమా రెండో సగాన్ని ముందు, మొదటి సగాన్ని తర్వాత చూస్తూ వచ్చాం. మాటలు ఎటూ అర్థం కావు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మాకు తెలిసిన కథ ఇది. సన్నగా, భుజాలు కాస్త వంగిన ఒక పడవవాడు ఉంటాడు. రేవులో జనాన్ని పీడించే లావుపాటి మనిషితో, చేపలు ఎండబెట్టే తడికల మధ్య కలబడతాడు. ఎగరడాలు, గాలిలో తిరగడాలు లేవు. ఇద్దరూ తల నుంచి కాళ్ళ దాకా కనిపిస్తూనే ఉంటారు, రొప్పడం వినిపిస్తూనే ఉంటుంది. చివరికి లావుపాటివాడు నీళ్ళలో పడి చచ్చిపోతాడు. గెలిచిన పడవవాడు చేతులు పైకెత్తడు. కొట్లాటలో ఊడిపోయిన చెప్పు కోసం వెతుక్కుంటాడు. అది దొరికేదాకా కెమెరా వాణ్ణి వదలదు. తర్వాత నల్లటి తెర మీద అక్షరాలు పైకి పాకుతాయి. మేము అది ఇంటర్వెల్ అనుకుని కాఫీ తాగేవాళ్ళం.

ఇంకో డిస్కు వేస్తే అదే పడవవాడు నున్నటి గుండుతో వస్తాడు.

"గెలిచినాడు గదా. మొక్కు ఉండింటాది, మొట్ట ఏసుకున్నాడు" అని మొదటిసారే చిన్నమ్మ తేల్చేసింది. ఏటేటా తిరుచెందూరు మురుగన్ గుడికి పోయి గుండు కొట్టించుకునే ఇంట్లో అది ఎవరికీ వింతగా తోచలేదు.

"చైనాలో కూడా మురుగన్ ఉండాడా?" అన్నాడు తమ్ముడు.

"వాళ్ళకూ ఎవురో ఒకరు ఉండరా?" అంది చిన్నమ్మ.

కొట్లాటలో కనుబొమ మీద పడిన గాటు కనిపించకపోతే, "ఎన్ని నెలలు అయిండునో, మానిపాయ" అంది. చచ్చిన లావుపాటివాడు మళ్ళీ ప్రత్యక్షమైతే, "వీడు ఆ సచ్చినోని అన్న. నేనూ మీ అమ్మా ఒకే మాదిరి లేమా?" అంది. ఆమె దగ్గర జవాబు లేని ప్రశ్న లేదు.

ఆ 'అన్న' పడవవాణ్ణి నడివీధిలో పడేసి కొడతాడు. పడవవాడు చెయ్యెత్తడు. లేస్తాడు, నిలబడతాడు, మళ్ళీ తన్నులు తింటాడు. చిన్నమ్మ ఈ ఘట్టానికి ప్రతిసారీ ముందుకు వంగేది. "కొట్టగలడు. కొట్టడు. సూడు" అనేది. మురిపెంగా అనేది, తన కొడుకు గురించి చెప్పినట్టు.

అక్కణ్ణుంచి వాడు పొడవాటి సేమ్యా చేసే ఒక ముసలామె ఇంటికి వెళ్ళి పనిలో చేరతాడు. నూలు చిలపల్లాగా వెదురు కర్రలకు వేలాడుతున్న పచ్చి సేమ్యాను ఒక్క పోగు తెగకుండా ఎండలోకి మొయ్యాలి. మొదటి రోజు అన్నీ తెగుతాయి. ముసలామె తిట్టదు. తెగినవి ఏరి, ఉడికించి, వాడి గిన్నెలోనే వేస్తుంది. దాదాపు అరగంట సినిమా ఇదే. ఎవరి తప్పు వాళ్ళ గిన్నెలో. ఒక రోజు ఒక్క పోగూ తెగదు, కాబట్టి ఆ పూట వాడి గిన్నె ఖాళీ. ముసలామె తన గిన్నెలోంచి సగం తీసి వాడికి పెడుతుంది. వాడు తినడం మొదలుపెడతాడు, డిస్కు అక్కడ టక్కున ఆగిపోతుంది. శుభం బోర్డు కూడా లేకుండా ఇంత బాగా ముగిసిన సినిమాను నేను ఇంకోటి చూడలేదు.

"రాకపోతే నేర్చుకునేది ఏం గొప్ప? గెలిచినాక పోయి నేర్చుకున్నాడు సూడు, అది పడం" అనేది చిన్నమ్మ. సినిమాను మావైపు పడం అంటారు.

ఆమె కూడా గెలిచిన మనిషే. అగ్గిపుల్లలను చట్రంలో పేర్చడంలో ఆ ఫ్యాక్టరీలో ఆమెను మించిన చెయ్యి లేదు. పేర్చిన చట్రం మీద వేళ్ళు ఆడించి, కళ్ళతో చూడకుండానే ఎక్కడో ఒక పుల్ల తక్కువైందని చెప్పేది. కొత్తగా చేరిన ఆడపిల్లలను ఆమె పక్కన కూర్చోబెట్టేవారు. నేను కాలేజీలో చేరిన రోజుల్లో అక్కడికి మిషన్లు వచ్చాయి, చేతిపని పోయింది. నలభై ఏడేళ్ళ మనిషి మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. "చేయి ఊరికే ఉంటే నోరు పని చేస్తాది" అన్నది ఆమె మాటే. ఆ మూడు నెలలూ తమ్ముణ్ణి వాయించి వదిలిపెట్టింది.

కడలమిఠాయి చేసే షెడ్డులో మనుషులు కావాలన్నారు. మా ఊళ్ళ వైపు కోవిల్‌పట్టి అంటేనే ఆ వేరుశనగ మిఠాయి. బెల్లం పాకం దగ్గర పెద్ద చెయ్యి ఎవరిదయ్యా అంటే, చిన్నమ్మ దగ్గర పుల్లలు పేర్చడం నేర్చుకున్న ఒక పిల్లది. పాతికేళ్ళు కూడా లేవు.

"దాని కింద పోయి నేను నిలబడేదా?" అంది చిన్నమ్మ. వారం రోజులు అదే మాట. ఆ ఆదివారం సినిమా వేసుకుని చూసింది. సోమవారం వెళ్ళి నిలబడింది. పాకం ముదరబెట్టి, ఆ పిల్ల చేత చీవాట్లు తిని, రాయిలా బిగిసిన మిఠాయి ముక్కలు కొంగున కట్టుకుని వచ్చింది. "ఇది నా గిన్నె" అని వాటిని కాఫీలో నానబెట్టుకుని తిన్నదట. ఫోన్‌లో చెబుతూ నవ్వింది.

ఇక నా ఘనకార్యం. డిగ్రీ ఆఖరి ఏడాదిలో హాస్టల్ స్నేహితురాలి కంప్యూటర్‌లో ఆ సినిమా కనబడింది, కింద ఇంగ్లీషు అక్షరాలతో సహా. చూసి అదిరిపడ్డాను. అప్పట్లో నాకు చదువు నెత్తికెక్కి ఉంది. నాకు తెలిసింది వెంటనే నలుగురికీ చెప్పకపోతే నిద్రపట్టేది కాదు. శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా ఒక డబ్బా పట్టుకుని సెలవులకు కోవిల్‌పట్టి చేరాను. "చిన్నమ్మా, ఇన్నాళ్ళూ మనం పడాన్ని తలకిందులుగా చూసినాము" అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

నవ్వలేదు. "సరిగ్గా ఏసి సూపించు" అంది.

సరైన వరసలో వేశాను. గుండు ముందొచ్చింది. తన్నులు ముందొచ్చాయి.

"అట్లంటే, వానికి కొట్టను రాకనే తన్నులు తినిండాడా?" అంది.

"అవును చిన్నమ్మా. ఇంకా నేర్చుకోలేదు కదా."

"మొట్ట?"

"జైల్లో కొట్టించినారంట."

"సరి" అంది. ముసలామె, సేమ్యా, తడికల మధ్య కొట్లాట, చెప్పు వెతుక్కోవడం, అన్నీ వరసగా వచ్చి వెళ్ళాయి. అక్షరాలు పైకి పాకుతుంటే చిన్నమ్మ లేచి నిలబడి, "ఇది అందురూ తీసే పడమే" అంది.

మర్నాడు పనికి వెళ్ళలేదు, తలనొప్పి అంది. ఆ మర్నాడూ వెళ్ళలేదు. పాల్‌కోవా డబ్బా మూత కూడా తియ్యలేదు. సాయంత్రం నేను కదిపితే, "వాడు సిన్నోడు, రాదు, నేర్చుకున్నాడు. నాకేంటికి పాపా ఈ వయసులో, అది నన్ను అరిస్తే నేను తల వంచుకోని నిలబడేది?" అంది. ఆ పొయ్యి దగ్గర ఆమె ఒంటరిగా నిలబడలేదు, పడవవాడి పక్కన నిలబడింది. నేను వెళ్ళి వాణ్ణి పక్కనుంచి లాగేశాను. నేను చెప్పింది నిజమే, కాదనను. ఆ నిజాన్ని ఎవరూ నన్ను అడగలేదు కూడా.

ఆ రాత్రి ఎన్ని రకాలుగా సర్దిచెప్పాలో అన్ని రకాలుగా మనసులో అనుకున్నాను. ఒక్కటీ చెప్పదగ్గట్టు లేదు. మూడో రోజు మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే లోపలినుంచి పిలిచింది. తనే డిస్కు వేసుకుంది. నడివీధిలో తన్నులు తినే చోట బొమ్మను ఆపి పెట్టుకుంది.

"ఈ యాక్టరుకు నెజంగా కొట్టను వస్తాదా, రాదా?" అంది.

"వస్తుంది. చిన్నప్పటినుంచి నేర్చుకున్నవాడే అయ్యుంటాడు."

"అయితే వచ్చినోడే గదా, రానోని మాదిరి నిలబడి తన్నులు తినిండేది?"

"అవును."

"కాలు సూడు" అని కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ వేసింది. లావుపాటివాడి చెయ్యి లేస్తుంది. దెబ్బ ఇంకా పడకముందే పడవవాడి కుడి మడమ నేలమీదినుంచి రవ్వంత పైకి లేస్తుంది, తప్పుకోవడానికి. లేచింది లేచినట్టే మళ్ళీ నేలకు ఆనుకుంటుంది. అప్పుడు దెబ్బ పడుతుంది.

"కాలు తానే పోతా ఉండాది. వాడు పట్టి నిలిపిండాడు. కత యట్లైనా ఏసుకోనీ. నేను సూసింది వాణ్ణి" అంది. బొమ్మను మళ్ళీ ఆపి, "నేను తప్పు సూడలా పాపా" అంది.

అన్నిసార్లు చూసిన నాకు ఆ మడమ ఒక్కసారీ కనబడలేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ కూర్చున్నదానికి ఎట్లా కనబడుతుంది. చట్రంలో తగ్గిన ఒక్క పుల్లను వేలితో పట్టే మనిషికి కనబడింది. మర్నాడు తెల్లవారగానే తలస్నానం చేసి పనికి వెళ్ళింది. సాయంత్రం వచ్చాక, ఆ పిల్ల ఏమందని అడిగాను.

"ఏమంటాది? 'అక్కా, మూడు నాళ్ళు యాడ పోతివి, పాకం కలుపు రా' అనె" అంది చిన్నమ్మ. పాల్‌కోవా డబ్బా మూత తీసింది.

ఆ తర్వాత పదిహేనేళ్ళు ఆ షెడ్డులోనే పని చేసింది. పాకం దగ్గర ఆమె చెయ్యే పెద్ద చెయ్యి అయింది. కొత్త పిల్లలను మళ్ళీ ఆమె పక్కనే నిలబెట్టారు. ఆదివారం ఆమెను చివరిసారి చూడటానికి వచ్చిన ఆడవాళ్ళలో ఎవరు ఆమెకు నేర్పినవాళ్ళో, ఎవరు ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళో బయటివాళ్ళకు తెలిసే దారి లేదు. ఏడవడంలో అందరూ ఒకటే.

ఇంకొక్క సంగతి చెప్పాలి. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో నేర్చుకున్నది మాత్రం తమిళం. తెలుగు అక్షరాలు మావాళ్ళలో ఎవరికీ రావు. పెళ్ళయి చిత్తూరు వచ్చాక, మా అమ్మాయికి నేర్పిస్తుంటే పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. అప్పుడప్పుడు ఏవో నాలుగు ముక్కలు రాస్తుంటాను. ఈ మధ్య ఒకరోజు చిన్నమ్మ ఫోన్ చేసి, "నువ్వు రాసేది నేను ఎప్పుడు సదివేది? నాకు నేర్పు" అంది. నిండా అరవై నాలుగేళ్ళు ఆమెకు.

షెడ్డులో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వీడియోలో మా బడి. మిఠాయి పరిచే బండ మీద పిండి చల్లి వేలితో రాసేది. మొదటి వారమంతా అ, ఆ. రెండో వారానికి ఇ దగ్గరికి వచ్చాం. ఆమె పోవడానికి రెండు రోజుల ముందు, శుక్రవారం, రాసి చూపించింది.

"తప్పు చిన్నమ్మా. సుడి ఇటు కాదు, అటు తిరగాలి" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

"సరి" అంది. అరచేత్తో పిండిని చదును చేసి, నోట్లో ఏదో అనుకుంటూ మళ్ళీ రాసింది. ఫోన్‌ను బండ మీదికి వంచి చూపించి, తన ముఖం మీదికి తిప్పుకుంది. చెంప మీద, ముందరి వెంట్రుకల మీద పిండి. వెనక ఆడవాళ్ళు నవ్వుతున్నారు. చిన్నమ్మ వాళ్ళ వైపు తిరగలేదు. ఫోన్‌కు మరీ దగ్గరగా వచ్చి, సరిగ్గా వచ్చిందో లేదో నేను చెప్పేదాకా, రెప్ప వేయకుండా నన్నే చూస్తూ నిలబడింది.