వంత అందుకునే చోటు

2023వ సంవత్సరం. ఆన్‌లైన్ సాధనల కాలం ముగిసి, మనుషులు మళ్ళీ ఒకే గదిలో భుజం భుజం తగిలేలా నిలబడి పాడడం మొదలుపెట్టిన రోజులు. కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో, కింది స్పీకర్ల హోరు నడుమ నేను బృందగానాలు కూర్చే పని చేస్తున్నాను. కళాశాల వార్షికోత్సవం, ఆసుపత్రిలో కొత్త విభాగం ప్రారంభం, ఒక టీచరు పదవీ విరమణ వంటి సందర్భాలకు కొత్త పాట కావాలని కొందరు అడుగుతారు. మా వృత్తిలో దాన్ని కమిషన్ అంటారు. కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టు, పాడబోయే గొంతులను విని వాటికి సరిపడే పాట కట్టాలి.

కళాశాలలో ఉన్నన్నాళ్ళూ నేను డిబేట్ జట్టులో ఉన్నాను. ప్రశ్న ఏమిటో తేల్చుకోకుండా జవాబుకు దిగకూడదన్నది అక్కడ అబ్బిన అలవాటు. అందుకే ప్రతి కమిషన్‌కూ ముందు అయిదు ప్రశ్నలు అడుగుతాను: ఎవరు పాడతారు? ఎవరు వింటారు? ఎటువంటి గదిలో? ఎంతసేపు? ఈ పాట లేకపోతే ఆ సందర్భానికి వచ్చే లోటేమిటి? వీటి జవాబులతో తయారయ్యే కాగితం పేరు బ్రీఫ్. ఈ అయిదూ చాలునని అప్పట్లో గట్టిగా నమ్మేదాన్ని.

ఉత్తరాన ఉన్న ఇపో పట్టణం నుంచి ఫోన్ చేసినాయన పేరు సింహాచలం. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. అక్కడి రామాలయం భజన బృందానికి ఆయనే కార్యదర్శి.

"ఏటమ్మా, పాటలు కట్టే పిల్లవి నువ్వేనా? మా ఆడవాళ్ళ భజనకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. కొత్త పాట కావాల. సినిమా వాసన రాకూడదు."

నా అయిదు ప్రశ్నలూ అడిగాను. చివరిదానికి ఆయన కాస్త ఆలోచించారు.

"ఈ పాట లేకపోతేనా? ఏటీ అవదు. లడ్డూలు తిని ఇళ్ళకెళ్ళిపోతాం. కానైతే ఒకటమ్మా, ముందుపాట మాత్రం అప్పయ్యమ్మదే. భజన మొదలెట్టినోళ్ళలో ఆవిడొక్కతే మిగిలింది. ఆవిడ పాడకపోతే ఇంక పండగేటి?"

పాట కావాలని అడిగినవాళ్ళలో అంత నిజాయితీగా జవాబు చెప్పిన మనిషి నాకు అంతవరకూ తగల్లేదు. ఒప్పుకున్నాను.

ఒక శనివారం ఉదయం రైలెక్కి ఇపో చేరాను. ఆలయ హాల్లో పదిహేడు మంది ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. వయసులో చిన్నవాళ్ళు ఫోన్లలో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న తెలుగు పాటను చూస్తున్నారు. వాళ్ళకు ఎదురుగా, చేతిలో తాళాలు పట్టుకుని, బక్కపలచని అప్పయ్యమ్మ. డెబ్బయ్యెనిమిదేళ్ళు.

"నమస్కారమండీ. మీ గాత్రాలను పరిశీలించడానికి వచ్చాను" అన్నాను.

హాలంతా నవ్వింది.

"గాత్రాలట!" అంది అప్పయ్యమ్మ. "ఏటే పిల్లా, టీవీలో వార్తలు సదివినట్టు మాటాడతావు? ఈ తెలుగు ఎక్కడ కొన్నావు?"

"ఆన్‌లైన్‌లో నేర్చుకున్నాను మామ్మా. మా ఇంట్లో తమిళమే ఎక్కువ."

"అయితే ఆర్డరిచ్చి తెప్పించుకున్నావన్నమాట."

ఆ క్షణం నుంచీ ఆమె నాకు నచ్చింది. భజన పద్ధతి సులువైనదే. ఆమె ఒక వరస పాడుతుంది, అది ముందుపాట. మిగతావాళ్ళు బదులు పాడతారు, అది వంత. ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ విన్నాను. గొంతుల్లో మట్టివాసన ఉంది, శ్రుతి నిలకడగా ఉంది. లోపం ఒక్కటే కనిపించింది. అప్పయ్యమ్మ వరస ముగియకముందే వంత వచ్చి మీద పడుతోంది. ఆమె చివరి అక్షరాలు పదిహేడు గొంతుల కింద మునిగిపోతున్నాయి. నోట్సులో 'వంత తొందర' అని రాసి రెండు గీతలు గీశాను.

పాటకు మాటలు వాళ్ళవే. రబ్బరు ఎస్టేటు నుంచి తెల్లవారకముందే గుడికి నడిచి వచ్చిన రోజుల గురించి అప్పయ్యమ్మ చెప్పిన ముక్కలను పేర్చాను:

చీకటితో లేచినాము, చెట్లన్నీ దాటినాము,
తలుపు తీయవయ్యా సామీ, దరికొచ్చి నిలిచినాము.

మొదటిది ముందుపాట, రెండోది వంత. స్కోరులో, అంటే పాడేవాళ్ళందరి భాగాలూ ఉండే రాతప్రతిలో, ఆ రెండింటి నడుమ ఒక మాత్ర ఖాళీ వదిలాను. దానికి నా దగ్గర బలమైన వాదన ఉంది. డిబేట్‌లో ఒకరు మాట్లాడుతుండగా ఎదుటి జట్టువాళ్ళు లేచి అడ్డు ప్రశ్న వేయవచ్చు. కానీ చివరి నిమిషంలో ఎవరూ లేవకూడదు, ఆ నిమిషానికి రక్షణ ఉంటుంది. డెబ్బయ్యెనిమిదేళ్ళ మనిషి చివరి మాటకు ఆ మాత్రం రక్షణ వద్దా?

మూడో శనివారం సాధనలో వంత మళ్ళీ ముందే వచ్చింది.

"గౌరి అక్కా, ఒక్క మాత్ర ఆగాలి" అన్నాను. గౌరి అక్క ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా, యాభై దాటిన మనిషి. వంతను నడిపించేది ఆమే.

"ఓకే లా చెల్లీ, ఆగుతాం" అంది, మలేషియాలో అందరూ మాట చివర తగిలించే 'లా'తో.

ఆగలేదు. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టాను, టిక్కుటిక్కుమని తాళం కొట్టే యంత్రం అది. దాన్ని కూడా దాటుకుని ముందే వచ్చారు. అప్పుడు నాలోని వక్త లేచి నిలబడింది.

"ఇది తాళానికి సంబంధించిన విషయం కాదు, మర్యాదకు సంబంధించినది. పెద్దావిడ మాట పూర్తికాకముందే పదిహేడు మంది అందుకుంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు? దయచేసి ఆమెను పూర్తి చెయ్యనివ్వండి."

గౌరి అక్క అప్పయ్యమ్మ వైపు చూసింది. అప్పయ్యమ్మ చేతిలోని తాళాల వైపు చూసుకుంది.

"పిల్ల సెప్పినట్టే సెయ్యండే" అంది.

చేశారు. "చీకటితో లేచినాము, చెట్లన్నీ దాటినా…" దగ్గర ఆమె గొంతు దారంలా సన్నబడి తెగింది. తరవాత నేను ఎంతో శ్రద్ధగా రాసిన ఖాళీ మాత్ర వచ్చింది. అందులో ఫ్యాను చప్పుడు, ఆమె ఛాతీలోంచి సన్నటి ఈల, మరేమీ లేవు. రెండోసారి 'చెట్లన్నీ' దగ్గరే ఆగిపోయింది. మూడోసారి మొదలుపెట్టలేదు. తాళాలు తీసి గౌరి అక్క ఒళ్ళో పెట్టింది.

"నువ్వు పాడే గౌరీ. కొత్త పాట కదా, కొత్త గొంతుండాల."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూశాక నాకు తలెత్తబుద్ధి కాలేదు.

సాధన ముగిశాక గుడి వెనక కుళాయి దగ్గర గౌరి అక్క టీ గ్లాసులు కడుగుతోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నేనేదో తప్పు చేశాను. ఏమిటో తెలియడం లేదు."

గ్లాసు బోర్లించి అంది: "మామ్మ పడుచుతనమంతా పొగగదిలోనే పోయింది చెల్లీ. రబ్బరు షీట్లు పొగబెట్టి ఆరబెడతారే, అందులో. ఊపిరి ఎప్పుడో తగ్గిపోయింది. ఒక శ్రీరామనవమికి అందరి ముందరా వరస మధ్యలో ఆగిపోయింది. పక్కనే మా అమ్మ ఉంది. మిగిలిన ముక్క అందుకుని పాడీసింది. ఆ మరసటి వారం నుంచి మేం ముందే అందుకోడం మొదలెట్టినాం."

"అలా చెయ్యాలని అనుకున్నారా?"

"అనుకోలేదు. ఎవరికెవరం సెప్పుకోలేదు. ఈ చిన్నపిల్లలైతే పాటే అంతనుకుంటన్నారు."

"మామ్మకు తెలుసా?"

"తెలవకేటి? ఆవిడకి తెలుసని మాకూ తెలుసు. నోరు తెరిచి అంటే మరింక పాడదు లా. అందుకే అనం."

తిరుగు రైల్లో మొదటి రోజు రికార్డింగు పెట్టుకుని మళ్ళీ విన్నాను. ఈసారి తప్పు కోసం వినలేదు, ఏం జరుగుతోందో తెలుసుకోవాలని విన్నాను. వంత ఎక్కడ మొదలవుతోందో ఒక్కొక్క వరసకూ గుర్తు పెట్టుకుంటూ పోతే విచిత్రం బయటపడింది. ఒకచోట రెండు అక్షరాల ముందు అందుకున్నారు. మరోచోట ఆరు అక్షరాల ముందు. నాలుగో చరణంలో ఆమె ఊపిరి బాగున్నట్టుంది, అసలు ముందు రానేలేదు, చివరిదాకా ఆగారు. పదిహేడు మంది ఆమె ఊపిరిని వింటున్నారు, అదీ ఒకేసారి, సైగ లేకుండా.

మా వృత్తిలో దీని దగ్గరి చుట్టం ఒకటి ఉంది. స్టాగర్డ్ బ్రీతింగ్ అంటాం. దీర్ఘంగా సాగే స్వరం తెగకుండా, గాయకులు తలా ఒకచోట ఊపిరి తీసుకుంటారు, ఒకరి ఖాళీని మరొకరి గొంతు కప్పుతుంది. ప్రతి బృందానికీ నేను దీన్ని పటం గీసి మరీ నేర్పుతాను. ఇక్కడ పటం లేకుండా ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళ దగ్గరకు వెళ్ళి, మర్యాద పేరు చెప్పి మాన్పించాను.

సరే, ఖాళీ మాత్ర కొట్టేస్తే సరిపోతుందా? సరిపోదు. ఎవరూ అనకుండా జరిగిన సాయాన్ని నేను అందరి ఎదుటా బయటికి లాగాను. కనబడిన సాయాన్ని పుచ్చుకోవడానికి అప్పయ్యమ్మ ఒప్పుకోదు, తాళాలు ఇచ్చేసిందంటే అర్థం అదే. ఆమెకు వాళ్ళు అవసరమైనట్టే వాళ్ళకూ ఆమె అవసరం పడాలి, అదీ నిజంగా.

వంతను తిరగరాశాను. రెండు మాటల మధ్య ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరికి మించి సాగేలా పొడిగించాను. స్టాగర్డ్ బ్రీతింగ్ ఇక్కడ వద్దని, అందరూ ఒకే ఊపిరిలో పాడాలని రాశాను. చివరికి వచ్చేసరికి ఎంత పడుచు గొంతైనా ఎండిపోవలసిందే. అక్కడ వాళ్ళ వరస ముగియకముందే ముందుపాట అందుకోవాలి. ఎక్కడ అందుకోవాలో మాత్రం గుర్తు పెట్టలేదు. ముందుపాట చివర ఒక చుక్కల గీత గీసి 'ఆమెను విని అందుకోండి' అని రాశాను. వంత చివర మరో చుక్కల గీత గీసి 'వాళ్ళను విని అందుకోండి' అని రాశాను.

వారం మధ్యలో సెలవు పెట్టుకుని అప్పయ్యమ్మ ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని కరివేపాకు దూస్తోంది. నన్ను చూసి తల ఎత్తకుండానే అడిగింది.

"గౌరి సెప్పీసిందా?"

అబద్ధం ఆడడానికి వీలున్న ప్రశ్నే. ఆడబుద్ధి కాలేదు. "చెప్పింది మామ్మా."

"ఇన్నేళ్ళు నోరు కుట్టుకుని కూసుంది. నీకు మాత్రం సెప్పీసింది." రెండు రెబ్బలు దూసింది. "అయినా ఇంకేటి? గౌరి పాడతాది."

"పాడుతుంది. కానీ వంత మార్చాను. ఒకసారి వింటారా?"

"పాడు. గాత్రం పరిశీలిస్తాను."

పాడాను. "తలుపు తీయవయ్యా సామీ, దరికొచ్చి…" అంటూ సాగదీసి, 'నిలిచినాము' దగ్గరికి వచ్చేసరికి ఛాతీ ఖాళీ. ముఖం ఎర్రబడింది, గొంతు వణికింది. నేను పడిపోబోతున్న చోటుకు సరిగ్గా రెండు అక్షరాల ముందు, కరివేపాకు గిన్నె మీద వేలితో తాళం కొడుతూ ఆమె అందుకుంది: "చీకటితో లేచినాము…"

పాట ఆపి నా మొహంలోకి చూసింది.

"నానందుకోకపోతే ఏటైపోదువు?"

"ఆగిపోయేదాన్ని."

"అందుకేనా ఇంత పొడుగు రాసినావు?"

"అందుకే."

ఇంకో రెబ్బ దూసింది. తరవాత గిన్నె పక్కన పెట్టి, "ఆ గౌరికి ఊపిరాడకుండా సెయ్యాల. శనివారం తాళాలు తెమ్మను" అంది.

ఉత్సవం రోజు హాలు నిండిపోయింది. అప్పయ్యమ్మ తాళాలు పట్టుకుని వేదిక మీద ముందు కూర్చుంది. మూడో చరణంలో ఆమె ఊపిరి వరస సగంలోనే తెగింది, సాధనలో ఎప్పుడూ అంత ముందుగా తెగలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. వంత అక్కడే ఉంది. తరవాత ఆ పొడుగాటి వంత ఎండిపోతున్నప్పుడు ఆమె అందుకుంది. చివరి చరణంలో అయితే వాళ్ళకు ఇంకా బోలెడు ఊపిరి ఉండగానే మీద పడి లాక్కుంది. గౌరి అక్క పాడుతూ పాడుతూనే నవ్వేసింది.

"మాకింకా ఊపిరుందే మామ్మా!" అంది వేదిక దిగాక.

"ఉంటే ఉండనీ. నాకు ఆత్రమైంది."

సింహాచలం గారు నా దగ్గరికి వచ్చి, "ఎవరెక్కడ ఆగినారో తెలీనేలేదమ్మా" అన్నారు. నా పాట గురించి అంతకంటే మంచి మాట నేను వినలేదు. ఇది రాయడానికి అప్పయ్యమ్మను అనుమతి అడిగాను. "రాసుకో. పేరు మాత్రం మార్చి, మంచిది పెట్టు" అంది. మార్చాను. మంచిదో కాదో ఆమే చెప్పాలి.

నా బ్రీఫ్‌లో ఇప్పుడు ఆరో ప్రశ్న ఉంది: మీ పాటలో తప్పని తెలిసినా మీరు దిద్దుకోనిది ఏమిటి? ఈ ప్రశ్న వినగానే ఏ బృందమైనా మొదట నవ్వుతుంది. అలాంటివేమీ లేవంటుంది. ఆ మాట అంటూనే వాళ్ళ కళ్ళు, తమకు తెలియకుండానే, తమలో ఒకరి వైపు తిరుగుతాయి. నేను ఆ మనిషి పక్కకు వెళ్ళి కూర్చుని, రికార్డర్ ఆన్ చేస్తాను.