ముందే బయల్దేరిన ఎర్ర కోటు

ముందే చెప్పేస్తున్నాను, ఇవి యూరప్ యాత్రా విశేషాలు కావు. ఏ ఊళ్లో ఏ కోట చూడాలి, ఎక్కడ కాఫీ బాగుంటుంది అని తెలుసుకుందామని కూర్చున్నవాళ్లు లేచి వెళ్లొచ్చు, నేనేమీ అనుకోను. ఆరు నెలలు వియన్నాలో కాపురం పెట్టి, సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి ఊళ్లన్నీ తిరిగి, ఇంత చూసీ గోడకి తగిలించుకోవడానికి ఒక్క ఫొటో తెచ్చుకోలేకపోయిన దౌర్భాగ్యుడి కథ ఇది. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. దొరికితే చెంప పగలగొడదును. దొరక్కేం, రోజూ పొద్దున్న గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తూనే ఉంటాడు.

నేను పుట్టి పెరిగింది సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో. నాన్న గార్డుగా చేసి రిటైరయ్యాడు. మా సొంతూరు శ్రీకాకుళం అవతల ఎక్కడో ఉంది గానీ, ఊరికన్నా హౌరా ప్లాట్‌ఫారాలే నాకు బాగా తెలుసు. ఇప్పుడు కాపురం కలకత్తా భవానీపూర్‌లో, మూడో అంతస్తులో. ఉద్యోగం కంప్యూటర్లతో. పగలంతా ఆఫీసులో ఇతరుల తప్పులు పట్టడం, ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే పంచాంగం విప్పడం. వర్జ్యం చూసుకోకుండా క్షవరం కూడా చేయించుకునేవాణ్ణి కాదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, నాకు చదవకముందు కూడా పెద్దగా లేదని మా ఆవిడ అభిప్రాయం.

మా ఆవిడ శ్యామల, బడిలో లెక్కల టీచరు. పెళ్లయిన కొత్తలో మేం డార్జిలింగ్ వెళ్లాం. తనకి చలికోటు లేకపోతే మా పెద్దొదిన తన కోటు ఇచ్చింది. ఇచ్చి ఊరుకుంటే ఎంత బాగుండేది! ఆ తరవాత ఎవరు ఆల్బమ్ తెరిచినా వెనకనుంచి తొంగిచూసి, "చూశారా, నా కోటు శ్యామలకి ఎంత బాగా పడిందో!" అనేది. పండక్కి అంది, పేరంటానికి అంది, ఒకసారి మా తాత తద్దినం నాడు విస్తరి ముందు కూర్చుని కూడా అంది. శ్యామల నవ్వేసేది. ఇంటికొచ్చాక వంటింట్లో గిన్నెలు మోగేవి.

అందుకే ఆఫీసువాళ్లు ఆరు నెలలు వియన్నా వెళ్లమన్నప్పుడు, శ్యామల జీతం లేని సెలవు పెట్టి మొట్టమొదట చేసిన పని కోటు కొనుక్కోవడం. న్యూ మార్కెట్లో ఒక పూటంతా తిరిగి, తన జీతంతో, మెడదాకా గుండీలున్న ఎర్ర ఉన్ని కోటు కొంది.

"ఈసారి ఫొటోల్లో కోటు నాదండీ. పేరిస్‌లో ఆ ఇనప టవరు ముందర నిలబడి తీయించుకుంటాను. పెద్దది చేయించి, మీ ఒదిన కూర్చునే సోఫాకి ఎదురుగా తగిలిస్తాను. ఏటంటారు?"

"అంతకన్నానా!" అన్నాను. ఆవిడ అడిగింది అదొక్కటే. ఇన్నేళ్ల కాపురంలో ఇంకేమీ అడగలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తరవాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

టిక్కెట్లు ఆఫీసువాళ్లే కొన్నారు. కొన్నది మంగళవారానికి. ఇల్లు దాటే వేళకి నిక్షేపంలాంటి దుర్ముహూర్తం. దానికి మన పెద్దలు చెప్పిన విరుగుడు ఒకటుంది, పరస్థానం. బయల్దేరే వేళ మంచిది కానప్పుడు, ముందే ఒక మంచి గడియలో మన సామానొకటి పక్కింట్లో పెట్టిరావాలి. అంటే ప్రయాణం ఆ గడియలోనే మొదలైపోయినట్టు లెక్క. తరవాత వెళ్తూ వెళ్తూ ఆ సామాను తీసుకుని అటునుంచి అటే పోవాలి. మళ్లీ ఇంటికి తేకూడదు.

ఈ మాట చెబితే శ్యామల పకపకా నవ్వింది. "విమానం మంగళవారమైతే సంచీ సోమవారం వెళ్తే సరిపోద్దేటి? దేవుడికి ఆమాత్రం లెక్కలు రావనుకున్నారేటండీ?"

లెక్కల టీచర్లతో వాదన పెట్టుకోకూడదు. సోమవారం ఆవిడ బడికి వెళ్లాక, కట్టిపెట్టిన సామాన్లలో తేలిగ్గా ఉన్న నీలం సంచీ ఒకటి తీసుకుని మూడంతస్తులూ దిగాను. అందులో తువ్వాళ్లూ దుప్పట్లూ ఉన్నాయని నా నమ్మకం. వాటిని సర్దింది నేనే మరి. ముందురోజు శ్యామల వాటిని పెద్ద పెట్టెలోకి మార్చి, నలగకుండా ఉండాలని కోటొక్కదాన్నే ఆ సంచీలో పెట్టిందని నాకేం తెలుసు? విప్పి చూస్తే తెలిసేది. చూడలేదు, వెధవని.

ఎదురు మేడలో తపన్‌దా, రీనా బౌది ఉంటారు. మాకు అన్నావదినల్లాంటివాళ్లు. తపన్‌దా సంచీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏముందిందులో?"

"మా ప్రయాణం దాదా."

ఆయన నన్ను కూడా అటూ ఇటూ చూసి, "సరే, రేపు మధ్యాహ్నం లోపల పట్టుకెళ్లిపో. సాయంత్రం బారాసాత్‌లో మా మేనకోడలి పెళ్లి. ఇంటికి తాళం వేస్తాం" అన్నాడు.

"మధ్యాహ్నం వర్జ్యం దాదా. వెళ్తూ వెళ్తూ తీసుకుంటాను, మీరు బయల్దేరేలోపే వచ్చేస్తాను."

మర్నాడు టాక్సీవాడు ఆలస్యంగా వచ్చాడు. సామాన్లన్నీ ఎక్కించి, శ్యామలని కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తాను" అని ఎదురు మేడకి పరిగెత్తాను. తలుపుకి కొబ్బరికాయంత తాళం. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. పెళ్లి భోజనంలో చేప ముక్క వదిలేసి నా ఫోనెవడు ఎత్తుతాడు?

కింద నుంచి శ్యామల కేకేసింది. "ఏటండీ, విమానం మన మేడ మీదకి వస్తాదనుకున్నారేటి?"

అప్పుడు చేశాను అసలు పని. తువ్వాళ్లేగా, అక్కడ దొరకవా ఏంటి అనుకుని టాక్సీ ఎక్కేశాను.

"అన్నీ ఎక్కాయా?"

"ఎక్కాయి."

"నీలం సంచీ?"

"డిక్కీలో అడుగున ఉంది."

ఆ ఒక్క మాట అనకపోతే ఈ కథే లేదు. విమానాశ్రయంలో తనని ముందుకి పంపి, సామాన్లన్నీ నేనే అప్పగించాను. ఎంత మంచి మొగుడో అనుకుని ఉంటుంది పాపం.

వియన్నాలో దిగాం. బయట మంచు. సామాన్లు తిరిగే బెల్టు దగ్గర శ్యామల నిలబడింది. మా పెట్టెలొచ్చాయి. అందరి పెట్టెలూ వచ్చాయి. జనం వెళ్లిపోయారు. ఖాళీ బెల్టు తిరుగుతోంది, శ్యామల చూస్తోంది, నేను కిటికీలోంచి మంచు చూస్తున్నాను.

"నీలం సంచీ రాలేదండీ."

"పోనీలే, తువ్వాళ్లేగా."

"తువ్వాళ్లేటి? నా కోటు!"

నా కాళ్లకింద వియన్నా కదిలింది. నేను నోరు తెరిచేలోగా శ్యామల ఫిర్యాదుల కౌంటరు మీదకి దండెత్తింది. అక్కడున్న అమ్మాయికి లెక్కల క్లాసులో వెనక బెంచీవాళ్లకి పెట్టినట్టు గడ్డి పెట్టింది. ఆ అమ్మాయి పాపం ఓపిగ్గా సంచీ చీటీ ఇమ్మంది. శ్యామల నావైపు తిరిగి చెయ్యి చాపింది.

"ఇవ్వండి చీటీ."

"శ్యామలా, ఆ సంచీ విమానం ఎక్కలేదు."

"ఎక్కలేదేటి? డిక్కీలో ఉందన్నారు!"

"అది మనకన్నా ముందే బయల్దేరింది."

"ఎక్కడికి?"

"తపన్‌దా ఇంటికి."

ఆ తరవాత జరిగింది రాయను. ఆ కౌంటరు అమ్మాయికి తెలుగు రాదు గానీ, మొత్తం అర్థమైనట్టే మొహం పెట్టింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట ఓడి, రచ్చలో కూడా ఓడి, రెండు పెట్టెలు తోసుకుంటూ బయటికొచ్చాను.

"కొత్తది కొంటాను" అన్నాను.

"ఒద్దు."

"పోనీ పార్సిల్ చేయించమంటాను."

"ఒద్దన్నానా! ఆరు నెల్లూ మీ కోటే వేసుకుంటాను. ప్రతి ఫొటోలోనూ మీరు చూడాల. చూసి ఏడవాల."

నా కోటంటే మా నాన్న గార్డు కోటు. నల్లటి రైల్వే కోటు, ఇత్తడి గుండీలతో, శ్యామలకి మోకాళ్లు దాటి వస్తుంది. నేను రెండు స్వెట్టర్లూ ఒక మంకీ క్యాపూ తగిలించుకుని గజగజ వణికాను. అలా చూశాం యూరప్. ప్రాగ్ స్టేషన్‌లో ఒక ముసలావిడ శ్యామల ఇత్తడి గుండీలు చూసి, రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందని అడిగింది. శ్యామల నన్ను కొరకొరా చూస్తూనే ఆవిడకి బోర్డు చూసి మరీ చెప్పింది. వెనిస్‌లో పడవవాడు మమ్మల్నిద్దర్నీ చూసి పాట మధ్యలో ఆపేశాడు. పేరిస్‌లో ఆ టవరు ముందర, "ఒక్కసారి నవ్వు శ్యామలా" అని బతిమాలాను. చేతులు కట్టుకుని నిలబడింది. ఆ ఫొటో చూసిన ఎవరైనా, టవరు ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా పెట్టారనే అనుకుంటారు. తను దాన్ని ఒక్కసారి చూసి తుడిచేసింది. నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది అదే. తిట్టినా బాగుండేది.

మధ్యలో నేను ఇంకో ఘనకార్యం చేశాను. రీనా బౌది ఫోన్ చేసి, సంచీ ఏం చేయమంటావని అడిగింది. కలకత్తా చెమ్మకి ఉన్ని బట్టలు ఏమవుతాయో తెలుసుగా! "బౌదీ, కోటు తీసి ఎండలో వేయండి. పురుగు కొట్టకుండా మీరే ఒకటి రెండుసార్లు వేసుకోండి" అన్నాను. మర్యాదకన్నాను. మర్యాదకన్న మాటలు ఎవరూ పట్టించుకోరనుకోవడం నా రెండో తెలివితక్కువతనం.

మే నెలలో తిరిగొచ్చాం. కలకత్తా పెనంలా కాలుతోంది. మర్నాడే శ్యామల కోటు కోసం ఎదురు మేడకి వెళ్లింది, వెనక నేను. బౌది చల్లటి షర్బత్ ఇచ్చి, కోటు మడత నలగకుండా తెచ్చి ఒళ్లో పెట్టి, ఎంతో సంబరంగా ఫోన్ తీసింది. జనవరిలో వాళ్లు డార్జిలింగ్ వెళ్లారట. మంచుకొండలు, పక్కన బౌది, బౌది ఒంటిమీద ఎర్ర కోటు. బొమ్మరైలు, బౌది, ఎర్ర కోటు. తేయాకు తోట, బౌది, ఎర్ర కోటు. అన్నిటిలోనూ ముప్పై రెండు పళ్లూ కనిపించేలా నవ్వు. మంచి గడియలో బయల్దేరిన ప్రయాణం ఎంత దివ్యంగా జరుగుతుందో కళ్లారా చూశాను.

ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. శ్యామల ఫోన్ దగ్గరికి తీసుకుని, ఒక ఫొటో పెద్దది చేసి చూసి, బెంగాలీలో ఎంతో ముద్దుగా అంది:

"నా కోటు మీకు ఎంత బాగా పడింది బౌదీ!"

అనేసి నాలిక కరుచుకుంది. నావైపు చూడలేదు. మెట్లు దిగేదాకా ఆగి, అప్పుడు తిరిగింది. కళ్లలో నీళ్లు, నిప్పులు.

"ఇన్నేళ్లు నేను పడ్డ మాటండీ అది. నా నోటంట అనిపించేశారు కదా! మీ ఒదిన్ని చేసేశారు నన్ను!"

తల వంచుకుని వెనకాలే నడిచాను.

"పదండి" అంది.

"ఎక్కడికి?"

"ఫొటోకి. మీరు మీ నాన్నగారి కోటు వేసుకోండి. మంకీ క్యాపు కూడా."

"ఈ ఎండలోనా?"

"మంచి గడియ కాదేటి?"

నోరు మూసుకుని వేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం, బాబూఘాట్ నుంచి హౌరా వెళ్లే లాంచీ మీద, వెనక హౌరా వంతెన కనిపించేలా నిలబడ్డాం. శ్యామల ఎర్ర కోటు గుండీలన్నీ మెడదాకా పెట్టుకుంది. లాంచీలో జనమంతా మాకేసే చూస్తున్నారు. ఒకాయన లేచి, "దీదీ, జ్వరమా? కూర్చోండి" అని చోటిచ్చాడు. ఇంకొకావిడ నీళ్ల సీసా అందించింది, ఫొటో తీయమని మా ఫోన్ ఆవిడ చేతికే ఇచ్చాం. ఒక పెద్దమనిషి నా ఇత్తడి గుండీలు చూసి, "తిరుగు లాంచీ ఎన్నింటికయ్యా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు! నేను ప్రయాణికుణ్ణి!" అని అరిచాను.

శ్యామల ఫక్కున నవ్వింది. ఆరు నెలల తరవాత మొదటి నవ్వు. సరిగ్గా అప్పుడే, నీళ్ల సీసా ఇచ్చినావిడ మా ఫోన్‌తో ఫొటో తీసింది.

ఇప్పుడది మా ముందు గదిలో, సోఫాకి ఎదురుగా ఉంది. మొన్న పెద్దొదిన వచ్చి, సోఫాలో కూర్చుని, కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇది ఏ దేశమే శ్యామలా? ఇద్దరికీ చెమటలు కారిపోతన్నాయేటి?"

"ఏ దేశమైతే ఏటక్కా," అంది శ్యామల, కాఫీ అందిస్తూ. "కోటు నాది."

కనుక, పాఠక మహాశయులారా, అష్టదిక్పాలకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నా భార్య సంచీని ఆవిడకన్నా ముందు గడప దాటించను. లేని సంచీని డిక్కీలో ఉందనను. మర్యాదకైనా సరే, ఆవిడ కోటు వేసుకోమని పరాయివాళ్లకి చెప్పను. ఈ ఒట్టు కూడా మంచి గడియ చూసుకుని వేద్దామనుకున్నాను. శ్యామల ఒప్పుకోలేదు. మంగళవారం నాడు, నడి రాహుకాలంలో, ఎదురుగా నిలబడి వేయించింది.