ఫొటోకు వేసిన దండ

యలహంక దగ్గరి మురికివాడలో చిన్న సినిమా తీస్తున్నాం. సెట్‌ సర్దడం నా పని. వితంతువు ఇంటి సీనుకు మునెమ్మ గది అడిగి తీసుకున్నాం. ఒంటరిగా ఉంటోంది కదా, భర్త పోయాడనుకున్నాను. ఆమె నుదుటి బొట్టు గమనించనేలేదు. గోడమీది ఆయన ఫొటోకు దండ వేశాను. షాట్‌ అయిపోయింది.

చెత్త ఏరే పని నుంచి వచ్చిన మునెమ్మ ఫొటో చూసి గుమ్మంలోనే కూలబడింది.

“నా మొగుడు ఉండాడప్పా! పనికని పోయి ఏడేండ్లాయ. వస్తాడు.”

గబగబా దండ తీసేశాను. ఆమె కొంగుతో ఫొటో అద్దం తుడిచింది.

ఆరు నెలలకు ఆ సందులోనే సినిమా వేశాం. చప్పట్ల మధ్య మునెమ్మ నా చెయ్యి పట్టుకుని తెర చూపించింది.

“ఆ పొద్దే తీసేస్తివి కదప్పా? ఆడ ఇంకా ఉండాదే దండ?”

ఆ సినిమా వేసిన ప్రతిచోటా ఆయనకు నేను మళ్లీ దండ వేస్తూనే ఉన్నాను.