రాజమ్మ గారింటి యూరప్ పటం, చిత్రశాల గోడ మీద

నాచారంలో మా ఇంటి యజమానురాలు రాజమ్మ గారి ముందుగదిలో ఒక నూనెరంగుల పటం ఉండేది. ఒక నది, రెండు చెట్లు, మిగతాదంతా నల్లటి మసక. ఆవిడ మామగారు మల్లయ్య ఒకప్పుడు సికింద్రాబాద్‌లో ఒక ఇంగ్లీషు దొర బంగళాలో వంట చేసేవారట. దొర దేశం వదిలి వెళ్తూ దాన్ని ఆయన చేతిలో పెట్టాడు. గోడ చెమ్మకి ఆ పటం పాడవుతుంటే, ప్రభుత్వ చిత్రశాలకు ఇవ్వమని సలహా చెప్పింది పై వాటాలో అద్దెకుండే నేనే. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. ఆవిడ ఒప్పుకున్నారు గాని, తాత వస్తువు ఇల్లు దాటించానని వాళ్లబ్బాయి నరేందర్ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. ఏడాదిన్నరపాటు ఆ ఖాళీ గోడ చూసినప్పుడల్లా తప్పు చేశానేమో అనిపించేది. ఆ తర్వాత చిత్రశాల నుంచి ఉత్తరం వచ్చింది. కొత్తగా చేరిన యూరప్ చిత్రాల ప్రదర్శనలో మా పటం కూడా పెట్టారట.

శనివారం తొమ్మిదింటికి ఇద్దరం బయల్దేరాం. నాచారం నుంచి ఉప్పల్‌కి షేర్ ఆటోలో మనిషికి పది రూపాయలు. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి, దుమ్ముకి చెంగు అడ్డం పెట్టుకోవాల్సిందే.

"ఏడికి పోతున్రు పెద్దమ్మా, దవాఖానాకా?" అన్నాడు డ్రైవర్.

"కాదు బిడ్డా. మా ఇంటి పటం ఉంది, సూడనీకి పోతున్న."

"మీ ఇంటిది ఇంట్లనే సూడొచ్చు కదా," అన్నాడతను. ఆవిడ నవ్వేశారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది.

ఉప్పల్‌లో కోఠి బస్సెక్కాం. రామంతాపూర్, అంబర్‌పేట్ మీదుగా గంట పట్టింది. కోఠి నుంచి చిత్రశాలకు ఆటో నలభై రూపాయలు, లోపలికి టికెట్టు పది. సంచులు గేటు దగ్గరే ఇచ్చేయాలి.

ప్రదర్శన మొదటి అంతస్తులో. రాజమ్మ గారు ప్రతి పటం ముందూ ఆగి చూశారు. భుజాలు కనబడేలా గౌను వేసుకున్న ఒక దొరసానిని చూసి, "గీమెకు చలి పెడ్తలేదా?" అని మెల్లగా అడిగారు. అలా చూస్తూ చూస్తూ తన పటాన్ని కూడా దాటి వెళ్లిపోయారు. ఉత్తరంలో ఇచ్చిన నంబరు చట్రం మీద చూసి నేనే వెనక్కి పిలిచాను.

"ఇది మాది గాదు," అన్నారావిడ. "మా దాంట్ల పొద్దుగూకుతది."

నిజమే, ఇందులో తెల్లవారుతోంది. ఆకాశం లేత పసుపు. నది ఒడ్డున మేమెప్పుడూ చూడని ఒక ఆడమనిషి వంగి బట్టలు ఉతుకుతోంది. రాజమ్మ గారు దగ్గరికెళ్లి ఆ చెట్లనే చాలాసేపు చూశారు. ఎడమవైపు చెట్టుకి విరిగిన కొమ్మ కనబడగానే గుర్తుపట్టారు.

"నేను కోడలిగ వచ్చి నలభై ఏండ్లాయె, మా ఇంట్లనే ఉంది ఈమె. ఒక్కసారి గూడ సూడలే," అన్నారు. కళ్లు తుడుచుకున్నారు.

అక్కడి అధికారి, కళ్లద్దాల పెద్దమనిషి, మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చారు. పైన పేరుకున్న పొగను శుభ్రం చేయడానికి ఆరు నెలలు పట్టిందని చెప్పారు. రాజమ్మ గారి ముఖం చిన్నబోయింది.

"దేవుని గూడు పక్కనే ఉంటుండె సార్. నా అగరబత్తులే కరాబ్ జేసినయి."

"పొగది పెద్ద సమస్య కాదమ్మా, ఓపికగా శుభ్రం చేస్తే పోయింది. చెమ్మే ప్రమాదం. ఇంకో రెండు వానాకాలాలు ఆ గోడ మీదే ఉంటే మాకేమీ మిగిలేది కాదు."

ఏడాదిన్నరగా నా గుండెల మీదున్న బరువు ఆ మాటతో కాస్త తగ్గింది.

ఈలోగా ఆవిడ పటం పక్కనున్న కాగితం మీద ఏముందో చదవమన్నారు. 'ఐరోపా చిత్రకారుడు, పేరు తెలియదు. ఒక ఆంగ్ల అధికారి సేకరణ నుంచి' అని ఉంది. అంతే.

"మా మామ పేరు లేదా?" అని అడిగారు. "దొర ఇడిసిపెట్టి పోయిండు. దాన్ని ఇన్నేండ్లు కాపాడింది మా మామ."

అధికారి జేబులోంచి పెన్ను తీశారు. "పేరు చెప్పండమ్మా. ఏం చేసేవారు?"

"మల్లయ్య. వంటమనిషి అనే రాయి సార్. దాంట్ల దాసుకునేదేముంది."

ఆయన కొత్త కాగితం మీద గుండ్రటి అక్షరాలతో 'భద్రపరిచినవారు: మల్లయ్య, వంటమనిషి. కుటుంబ దానం, నాచారం' అని రాసి పాతదాని కింద అతికించారు. అచ్చు కార్డు వారంలో వస్తుందన్నారు. రాజమ్మ గారికి చదువు రాదు. అయినా ఆ అక్షరాల మీదుగా, తాకకుండా, వేలు పోనిచ్చారు.

మర్నాడు నరేందర్ మెట్లెక్కి మా గుమ్మం దాకా వచ్చాడు. "టీచరమ్మా, ఆ గ్యాలరీ ఎన్ని గంటలకు తీస్తరు? పిల్లల్ని తోల్కపోత," అన్నాడు. పదింటికని చెప్పాను.

యూరప్ చిత్రాలంటే మనవి కావనుకుని గబగబా దాటిపోయేదాన్ని ఇదివరకు. ఇప్పుడు ప్రతి పటం పక్కన కాగితం చూస్తాను. గీసినవాడి పేరు, కొన్నవాడి పేరు ఉంటాయి. ఆ మధ్యలో దాన్ని దుమ్ము దులిపి, వాన తగలకుండా జరిపి, ఇల్లు మారినప్పుడు ఒళ్లో పెట్టుకుని తెచ్చినవాళ్లు ఎవరో అనిపిస్తుంది.

మీ ఇంట్లో ఇలాంటి పాత పటం ఏదైనా ఉంటే తడిగుడ్డతో తుడవకండి. చిత్రశాలకు వెళ్లేటప్పుడు దాని ఫొటోతోపాటు, అది ఎవరి చేతులు మారి మీ దాకా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లనడిగి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.